డ్రాప్‌బేర్: 16 ఎంబీ ఫ్లాష్ బోర్డులో లాగిన్ సర్వర్ కట్టడం, బిగించడం

#1 మెట్టవాగు
ఏఆర్ఎం బోర్డు, 16 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్. బిల్డ్‌రూట్ (చిన్న పరికరాలకు లినక్స్ ఇమేజ్ కట్టే సాధనం)తో ఇమేజ్ కడుతున్నాం. రూట్ ఫైల్‌సిస్టమ్ స్క్వాష్‌ఎఫ్ఎస్, అంటే రాయడానికి వీల్లేదు. రాయగలిగే చోటు 2 ఎంబీ డేటా విభజన ఒక్కటే, /డేటా కింద మౌంట్ అవుతుంది. దూరం నుంచి లాగిన్ అవడానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కావాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఇక్కడ భారం కాబట్టి అదే పని చేసే చిన్న సర్వర్ డ్రాప్‌బేర్ తీసుకున్నాం.

కావలసినవి ఇవి: కీతో మాత్రమే లాగిన్, పాస్‌వర్డ్ అసలు వద్దు, కరెంటు పోయి వచ్చినా హోస్ట్ కీ (క్లయింట్‌కు బోర్డు తన గుర్తింపు చూపే కీ) మారకూడదు, బైనరీ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఏ క్రమంలో వెళ్లాలి, ఎక్కడ దెబ్బతింటాం, తెలిసినవాళ్లు చెప్పండి. ఆప్షన్ల అక్షరాలకు చిన్న, పెద్ద అని ముందు పెడితే తికమక ఉండదు.

#2 సన్నకంపైలర్
ముందు బిల్డ్ సంగతి. డ్రాప్‌బేర్ సొంత పేజీలో చెప్పే లెక్క: యూసీలిబ్‌సీ అనే చిన్న సీ లైబ్రరీతో, ఎక్స్86 మీద, అత్యవసరమైనవి మాత్రమే ఉంచితే స్టాటిక్ బైనరీ 110 కేబీ. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోకండి. ఇప్పటి అల్గారిథమ్‌లు పెట్టుకుంటే అంతకంటే పెద్దదే వస్తుంది, రావాలి కూడా.

కాన్ఫిగర్‌కి హోస్ట్ పేరు ఇచ్చి, జీలిబ్ (కుదింపు లైబ్రరీ) డిజేబుల్, లాగిన్ల చిట్టా రాసే లాస్ట్‌లాగ్, యూటీఎంపీ, డబ్ల్యూటీఎంపీ డిజేబుల్ చేయండి. హార్డెన్ ఆప్షన్‌ను మాత్రం తీసేయకండి. స్టాక్ రక్షణ, పీఐఈ (ప్రోగ్రామ్ మెమరీలో ప్రతిసారీ వేరే చోట లోడయ్యే ఏర్పాటు) దానివల్లే వస్తాయి. నెట్‌వర్క్‌కు ముఖం పెట్టి కూర్చునే ప్రోగ్రామ్‌లో కొన్ని కేబీల కోసం వాటిని వదులుకోవడం తప్పు.

తరవాత మేక్‌లో ప్రోగ్రామ్స్ అనే వేరియబుల్‌కు డ్రాప్‌బేర్ (సర్వర్), డీబీక్లయింట్ (క్లయింట్), డ్రాప్‌బేర్‌కీ (కీలు చేసేది), ఎస్‌సీపీ (ఫైళ్లు పంపేది) నాలుగూ ఇచ్చి, మల్టీ=1 పెట్టండి. నాలుగూ కలిసి డ్రాప్‌బేర్‌మల్టీ అనే ఒకే ఫైలు అవుతుంది. ఒక్కో పేరుతో దానికి సింబాలిక్ లింకులు పెడితే ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది, బిజీబాక్స్ లాగే. క్రిప్టో కోడ్ నాలుగింటికీ ఉమ్మడి కాబట్టి విడివిడిగా కట్టినదానికంటే చాలా ఆదా. చివర్లో స్ట్రిప్ చేయడం మరవొద్దు.

ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది లోకల్‌ఆప్షన్స్.హెచ్ అనే ఫైల్లో రాయాలి. మేక్ నడిపే డైరెక్టరీలోనే అది ఉండాలి. డిఫాల్ట్ ఆప్షన్ల ఫైలును నేరుగా దిద్దకండి, తరవాతి వెర్షన్‌కు మారేటప్పుడు మీ మార్పులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మీ బోర్డుకు నేను పెట్టేవి:

కీ రకాల్లో డీఎస్ఎస్ 0, ఆర్ఎస్ఏ 0, ఈసీడీఎస్ఏ 0, ఈడీ25519 1. కీ మార్పిడికి కర్వ్25519 1. సైఫర్‌కు చాచా20-పాలీ1305 1. ఎక్స్11 ఫార్వర్డింగ్ 0, ఏజెంట్ ఫార్వర్డింగ్ 0, మోటీడీ (లాగిన్ కాగానే చూపే సందేశం) 0. సర్వర్ పాస్‌వర్డ్ ఆథ్ 0.

ఆఖరిది ముఖ్యం. పాస్‌వర్డ్ వద్దనుకుంటే నడిపేటప్పుడు ఆప్షన్‌తో ఆపడం ఒక పద్ధతి, ఆ కోడే బైనరీలో లేకుండా చేయడం ఇంకో పద్ధతి. స్టార్టప్ స్క్రిప్ట్ ఎవరైనా మార్చినా రెండోది చెదరదు.

ఒక ఉచ్చు: 2018.76 వెర్షన్ నుంచి ఈ డిఫైన్‌లకు 0 గానీ 1 గానీ విలువ ఇచ్చి తీరాలి. పాత వ్యాసాల్లో డిఫైన్ లైనును కామెంట్ చేయమని, అన్‌డెఫ్ రాయమని ఉంటుంది. ఆ పద్ధతి ఇప్పుడు చెల్లదు. ఫైలు మార్చాక మేక్ క్లీన్ చేసి మళ్లీ కట్టండి.

#3 ఇనపపెట్టె
సన్నకంపైలర్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. స్టాటిక్‌గా కట్టేట్టయితే మామూలు సీ లైబ్రరీ జీలిబ్‌సీతో కట్టకండి, మజిల్ అనే చిన్న సీ లైబ్రరీతో కట్టండి. యూజర్ వివరాలు తెచ్చే గెట్‌పీడబ్ల్యూనేమ్ ఫంక్షన్ జీలిబ్‌సీలో ఎన్ఎస్ఎస్ (యూజర్ పేర్లు వెతికే) లైబ్రరీలను నడిచేటప్పుడు లోడ్ చేస్తుంది. బైనరీ స్టాటిక్ అయినా బోర్డులో ఆ లైబ్రరీలు, అదీ అదే వెర్షన్‌వి, లేకపోతే ఉన్న యూజర్‌ను కూడా లేడు అంటుంది. లాగ్‌లో "ఉనికిలో లేని యూజర్ లాగిన్ ప్రయత్నం" అనే అర్థం వచ్చే లైను కనబడుతుంది, పాస్‌వర్డ్ ఫైలు తెరిస్తే యూజర్ అక్కడే ఉంటాడు. లింక్ చేసేటప్పుడు లింకర్ దీని గురించి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా వదిలేస్తేనే ఇక్కడ చిక్కుకునేది.

మొత్తం ఇమేజే మజిల్‌తో కడుతుంటే స్టాటిక్ అవసరం కూడా లేదు. సీ లైబ్రరీ ఎలాగూ బిజీబాక్స్ కోసం ర్యామ్‌లో ఉంటుంది, డైనమిక్‌గా లింక్ చేస్తే అదే పంచుకుంటుంది.

#4 మెట్టవాగు
మజిల్‌కే మారుతున్నాం. ఇక హోస్ట్ కీ సంగతి. ప్రస్తుతం ప్రతి రీబూట్ తరవాతా క్లయింట్ "అవతలి హోస్ట్ గుర్తింపు మారింది" అని పెద్ద హెచ్చరిక వేసి ఆగిపోతోంది.

#5 తాళంచెవి
అది బిల్డ్‌రూట్ తీరు. రాయడానికి వీల్లేని రూట్ మీద /ఈటీసీ/డ్రాప్‌బేర్ అనేది /వార్/రన్/డ్రాప్‌బేర్‌కు లింకు. అది టీఎంపీఎఫ్ఎస్, ర్యామ్‌లోనే ఉంటుంది. స్టార్టప్ స్క్రిప్ట్ పెద్ద ఆర్ ఆప్షన్‌తో నడుపుతుంది, దాని అర్థం "కీ లేకపోతే తొలి కనెక్షన్ రాగానే చేసుకో". రీబూట్ అయితే కీ పోతుంది, కొత్తది పుడుతుంది.

దీన్ని చిన్న చికాకుగా చూడకండి. రోజూ హెచ్చరిక చూసే మనిషి రోజూ నోన్ హోస్ట్స్ (క్లయింట్ గుర్తుపెట్టుకున్న హోస్ట్ కీల జాబితా) ఫైల్లో లైను చెరిపేస్తాడు. నిజంగా ఎవరైనా మధ్యలో కూర్చున్న రోజున కూడా అలాగే చెరిపేస్తాడు. ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చే రక్షణలో సగం ఆ కీ స్థిరంగా ఉండడం మీదే నిలబడి ఉంది.

చేయాల్సింది: పెద్ద ఆర్ తీసేయండి. స్టార్టప్ స్క్రిప్ట్‌లో /డేటా మౌంట్ అయ్యాక, కీ ఫైలు ఉందా, అందులో సున్నా కంటే ఎక్కువ బైట్లు ఉన్నాయా చూడండి. టెస్ట్ కమాండ్‌లో చిన్న ఈ కాకుండా చిన్న ఎస్ వాడాలి. కరెంటు పోయినప్పుడు సున్నా బైట్ల ఫైలు మిగిలే అవకాశం ఉంది, చిన్న ఈ దాన్ని "ఉంది" అనే చెబుతుంది. ఖాళీ ఫైలైతే చెరిపి, డ్రాప్‌బేర్‌కీ చిన్న టీ ఈడీ25519, చిన్న ఎఫ్ తాత్కాలిక పేరుతో కీ చేసి, సింక్ కొట్టి, ఎంవీతో అసలు పేరుకు మార్చి, మళ్లీ సింక్. తరవాత డ్రాప్‌బేర్‌కు చిన్న ఆర్ ఆప్షన్‌తో ఆ దారి ఇవ్వండి. చిన్న ఆర్ ఇస్తే డిఫాల్ట్ చోట్లలో ఇక వెతకదు.

కీలను ఇమేజ్‌లోనే పెట్టి ఫ్లాష్ చేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. వద్దు. ఇమేజ్ ఎవరి చేతికి వచ్చినా ప్రైవేట్ కీ వాళ్ల చేతికి వచ్చినట్టే, అన్ని పరికరాలదీ ఒకేసారి.

తొలి బూట్‌లో కీ చేయడానికీ ఒక అపాయం ఉంది: ఎంట్రపీ, అంటే కర్నెల్ పోగేసే యాదృచ్ఛికత, చాలకపోవడం. 2012లో హెనింగర్, డ్యురుమెరిక్, వుస్ట్రో, హాల్డర్‌మన్ ఇంటర్నెట్ మొత్తం స్కాన్ చేసి చూపించింది ఇదే. సంతకాల్లో యాదృచ్ఛికత చాలకపోవడం వల్ల ఎస్‌ఎస్‌హెచ్ హోస్టుల్లో 1.03 శాతం వాటి డీఎస్ఏ ప్రైవేట్ కీలను వాళ్లు లెక్కగట్టగలిగారు. బలహీనమైన కీల్లో అత్యధికం రూటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి చిన్న పరికరాలవే. బూట్ అయిన తొలి క్షణాల్లో కర్నెల్ దగ్గర తగినంత యాదృచ్ఛికత లేకుండానే కీలు పుట్టాయి.

ఇప్పటి డ్రాప్‌బేర్ గెట్‌ర్యాండమ్ కాల్ వాడుతుంది. కర్నెల్ సిద్ధమయ్యేదాకా అది ఆగుతుంది, లాగ్‌లో ఆ సంగతి చెబుతుంది కూడా. లినక్స్ 5.4 నుంచి కర్నెల్ తనే సీపీయూ టైమింగ్ తేడాల నుంచి ఎంట్రపీ పోగేస్తుంది కాబట్టి ఆగడం బాగా తగ్గింది. అంతకంటే పాత కర్నెల్ అయితే నిమిషాలు పట్టొచ్చు. అప్పుడు ఓపిక లేక /డెవ్/ర్యాండమ్ స్థానంలో యూర్యాండమ్‌ను లింక్ చేయడం లాంటి దొడ్డిదారులు తొక్కకండి. చిప్‌లో హార్డ్‌వేర్ ఆర్ఎన్జీ (యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే భాగం) ఉంటే దాని డ్రైవర్ ఆన్ చేయండి, చాలా ఏఆర్ఎం చిప్‌లలో ఉంటుంది. రెండో బూట్ నుంచి, ముందు బూట్‌లో దాచిన సీడ్‌ను కర్నెల్‌కు ఇచ్చే సీడ్‌ఆర్ఎన్జీ వాడండి. మామూలుగా సీడ్ ఫైలును యూర్యాండమ్‌లోకి పంపితే అది కలుస్తుంది గానీ కర్నెల్ దాన్ని ఎంట్రపీగా లెక్కలోకి తీసుకోదు. సీడ్‌ఆర్ఎన్జీ ప్రత్యేక ఐఓసీటీఎల్ ద్వారా లెక్కలో వేస్తుంది.

#6 సన్నకంపైలర్
తాళంచెవి గారి పోస్టుకు ఒక ముక్క. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ చేసిన కీ ఫైలును తెచ్చి హోస్ట్ కీగా పెడితే డ్రాప్‌బేర్ "స్ట్రింగ్ టూ లాంగ్" అని చెప్పి చచ్చిపోతుంది. ఫార్మాట్ వేరు. డ్రాప్‌బేర్‌కన్వర్ట్‌తో మార్చాలి. ఫైలు పాడైనా ఇంచుమించు ఇదే సందేశం వస్తుంది, కాబట్టి ముందు ఫైలు సైజు చూడండి.

#7 ఇనపపెట్టె
నడిపే ఆప్షన్లు. మీ సందర్భానికి ఇలా:

చిన్న ఎస్: పాస్‌వర్డ్ లాగిన్ లేదు. కోడ్ తీసేసినా ఉంచండి, స్క్రిప్ట్ చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది. పాస్‌వర్డ్ కోడ్ లేని బైనరీ ఆ ఆప్షన్‌ను గుర్తించకపోతే మాత్రం తీసేయండి, ఒకసారి నడిపి చూస్తే తేలుతుంది.
చిన్న జే, చిన్న కే: లోకల్, రిమోట్ పోర్ట్ ఫార్వర్డింగ్ రెండూ బంద్. లేకపోతే ఈ బోర్డు మీదుగా లోపలి నెట్‌వర్క్ అంతా తిరగొచ్చు.
చిన్న పీ: పోర్టుతో బాటు చిరునామా కూడా ఇవ్వండి, లోపలి ఇంటర్‌ఫేస్‌లో మాత్రమే వింటుంది. ఆ చిరునామా ఇంకా రాకముందే సర్వర్ మొదలైతే వినడం కుదరక ఆగిపోతుంది. నెట్‌వర్క్ స్క్రిప్ట్ తరవాతే మొదలుపెట్టాలి.
పెద్ద కే 30, పెద్ద ఐ 900: తెగిపోయిన సెషన్లు ర్యామ్‌లో పేరుకోకుండా.
పెద్ద టీ 3: ప్రయత్నాల పరిమితి. డిఫాల్ట్ 10.

ఇంకో మూడు లోకల్‌ఆప్షన్స్‌లో మార్చదగినవి. ఆథ్ టైమౌట్ డిఫాల్ట్ 300 సెకన్లు, లాగిన్ కాని కనెక్షన్లు ఒక ఐపీకి 5, మొత్తం 30. ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ ఫోర్క్ అవుతుంది. 64 ఎంబీ ర్యామ్‌లో 30 ప్రాసెస్‌లు ఐదేసి నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎందుకు? 60 సెకన్లు, 3, 8 చాలు. ర్యామ్ ఆదా అవుతుందని ఐనెట్‌డీ మోడ్‌లో (కనెక్షన్ వచ్చినప్పుడే వేరే ప్రోగ్రామ్ దీన్ని లేపే పద్ధతి) నడిపితే ఈ పరిమితులు వర్తించవు, అందుకే ఆ దారి వద్దు.

చిన్న డబ్ల్యూ రూట్ లాగిన్‌ను పూర్తిగా ఆపుతుంది. వేరే యూజర్ పెట్టి, ఎస్‌యూతో రూట్ అయ్యే ఏర్పాటుంటే పెట్టండి. బోర్డులో రూట్ ఒక్కడే ఉంటే, కీ మాత్రమే చాలనుకుంటే, దాన్ని బలవంతంగా పెట్టి ఎస్‌యూకు సెట్‌యూఐడీ బిట్ ఇవ్వడం వల్ల ఒరిగేదేమీ లేదు.

#8 కొత్తచిగురు
ఇదే తరహా బోర్డు మీద కీ పెట్టినా "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ" అంటోంది అండి. ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో లైను ల్యాప్‌టాప్ నుంచి కాపీ చేసిందే. ఇదే లైను పెద్ద సర్వర్‌లో పనిచేస్తోంది.

#9 తాళంచెవి
పాత సర్వర్‌ను కదపకుండా రెండోది పక్కన లేపండి: పెద్ద ఎఫ్, పెద్ద ఈ, చిన్న పీ 2222. ముందుభాగంలో నడుస్తూ లాగ్ అంతా తెర మీదే వేస్తుంది. క్లయింట్‌కు ఎప్పుడూ కారణం చెప్పదు, సర్వర్ లాగ్ చెబుతుంది. అక్కడ కనబడేవి సాధారణంగా మూడు.

"యూజర్ లేదా రూట్ సొంతమై ఉండాలి, ఇతరులు రాయకూడదు" అంటే హోమ్ డైరెక్టరీ, .ఎస్‌ఎస్‌హెచ్, ఆథరైజ్డ్ కీస్ ఈ మూడింటిలో ఒకదాని అనుమతులు తప్పు. ఫైలుకు 600 ఇచ్చి హోమ్‌ను 775లో వదిలేయడం తరచూ చూసేది. బిల్డ్‌రూట్‌లో అనుమతుల పట్టికలోనే రాసేస్తే ఇమేజ్‌తోపాటే సరిగా వస్తాయి.

"చెల్లని షెల్, తిరస్కరించాం" అంటే ఆ యూజర్ షెల్ /ఈటీసీ/షెల్స్ ఫైల్లో లేదు. బాష్ లేని బోర్డులో యూజర్‌కు యాష్ పెట్టి, షెల్స్ ఫైల్లో ఎస్‌హెచ్ మాత్రమే రాస్తే ఇలా అవుతుంది.

"బ్యాడ్ పబ్లిక్ కీ ఆప్షన్స్" అంటే కీ ముందు రాసిన షరతుల్లో డ్రాప్‌బేర్‌కు తెలియనిది ఉంది. మీ పెద్ద సర్వర్ లైనులో ఫ్రమ్ అని ఐపీ పరిమితి ఉందా? అది డ్రాప్‌బేర్‌కు లేదు. తెలియని షరతు కనబడితే ఆ కీనే పక్కన పెడుతుంది. అది సరైన పద్ధతి, షరతును పట్టించుకోకుండా లోపలికి వదలడం కంటే. కమాండ్, నో-పీటీవై, నో-పోర్ట్-ఫార్వర్డింగ్ లాంటివి మాత్రం పనిచేస్తాయి.

#10 కొత్తచిగురు
మూడోదే. ఫ్రమ్ తీసేసి ఐపీ పరిమితి ఐపీటేబుల్స్‌లో పెట్టాను, కీ పనిచేసింది. ఇప్పుడు "పీటీవై అలోకేషన్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అంటోంది, ప్రాంప్ట్ లేకుండా ఖాళీగా ఉంది. ఎస్‌సీపీ కూడా "కనెక్షన్ క్లోజ్డ్" అని ఆగుతోంది.

#11 సన్నకంపైలర్
రెండూ వేరువేరు.

మొదటిది పీటీవైలను (లాగిన్‌కు ఇచ్చే నకిలీ టెర్మినళ్లు) అందించే డెవ్‌పీటీఎస్ మౌంట్ కాకపోవడం. /డెవ్/పీటీఎస్ డైరెక్టరీ చేసి, డెవ్‌పీటీఎస్ రకంతో మౌంట్ చేయండి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయండి. కర్నెల్‌లో యూనిక్స్98 పీటీవై ఆప్షన్ ఉండాలి. దీనిలోపు లాగిన్‌లో కమాండ్ కూడా కలిపి పంపితే పీటీవై అక్కర్లేకుండానే నడుస్తుంది, బోర్డు దగ్గరకు వెళ్లకుండా సరిచేయడానికి అది చాలు.

రెండోది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి వచ్చింది, 2022 ఏప్రిల్. అప్పటినుంచి ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే వేరే పద్ధతి) వాడుతుంది. డ్రాప్‌బేర్‌లో ఎస్ఎఫ్‌టీపీ సర్వర్ లేదు, ఉంటే బయటి ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది అంతే. క్లయింట్ వైపు ఎస్‌సీపీకి పెద్ద ఓ ఆప్షన్ ఇస్తే పాత పద్ధతిలో పోతుంది, అందుకు బోర్డులో ఎస్‌సీపీ బైనరీ ఉండాలి. పైన మల్టీలో దాన్ని చేర్చమన్నది అందుకే. ఫైళ్లు తరచూ పంపేవాళ్లైతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నుంచి ఎస్ఎఫ్‌టీపీ-సర్వర్ ఒక్కటే తెచ్చి పెట్టొచ్చు.

#12 మెట్టవాగు
బోర్డులు కొన్ని ఊళ్లలో ఫైబర్, 4జీ కనెక్షన్ల వెనక ఉంటాయి. బయటి ఐపీ సీజీన్యాట్‌ది, అంటే ప్రొవైడర్ చాలామందికి ఉమ్మడిగా ఇచ్చేది. లోపలికి రావడం ఎలా?

#13 ఇనపపెట్టె
సీజీన్యాట్ వెనక పోర్ట్ ఫార్వర్డింగ్ కుదరదు. బోర్డే బయటికి పిలవాలి. డీబీక్లయింట్‌తో మీ సర్వర్‌కు రివర్స్ టన్నెల్: పెద్ద ఎన్, పెద్ద టీ, పెద్ద కే 30, పెద్ద ఆర్ 2200:127.0.0.1:22. చిన్న ఓ కింద ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్=ఎస్ తప్పనిసరి. అది లేకపోతే పోర్ట్ దొరక్కపోయినా కనెక్షన్ బతికే ఉంటుంది, టన్నెల్ ఉన్నట్టే కనబడుతుంది, దారి ఉండదు. ప్రాసెస్ చచ్చినప్పుడల్లా కాస్త ఆగి మళ్లీ లేపడం ఇనిట్‌ట్యాబ్ రీస్పాన్‌కు అప్పగించండి. ఆ చోటు కోసం డ్రాప్‌బేర్ 127.0.0.1 మీద కూడా వినాలి, చిన్న పీ రెండుసార్లు ఇవ్వొచ్చు.

సర్వర్ హోస్ట్ కీని ముందే బోర్డు నోన్ హోస్ట్స్‌లో పెట్టండి. చిన్న వై ఒకసారి ఇస్తే తెలియని కీని ఒప్పుకుంటుంది, రెండుసార్లు ఇస్తే అసలు తనిఖీయే ఉండదు. స్క్రిప్ట్‌లలో రెండు వైలు కనబడితే తీసేయండి.

సర్వర్ వైపు ఆ బోర్డు కీకి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో రిస్ట్రిక్ట్, పోర్ట్-ఫార్వర్డింగ్, పర్మిట్‌లిజన్ లోకల్‌హోస్ట్:2200 అని షరతులు రాయండి. బోర్డు ఎవరైనా ఎత్తుకుపోయినా ఆ కీతో పీటీవై రాదు, వినడానికి వేరే పోర్ట్ రాదు. కమాండ్లు నడపడం మాత్రం రిస్ట్రిక్ట్ ఒక్కదానితో ఆగదు. ప్రతి బోర్డుకూ వేరే కీ, వేరే పోర్ట్. 4జీ తెగినప్పుడు సర్వర్ పాత సెషన్‌ను వదలక పోర్ట్ పట్టుకునే ఉంటుంది, క్లయింట్‌అలైవ్‌ఇంటర్వల్ 30 పెడితే వదులుతుంది.

#14 నల్లరేగడి
స్మాల్ కోడ్ ఆప్షన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. ఫైలులోని వ్యాఖ్యే చెబుతుంది: కొన్ని కేబీలు తగ్గుతాయి, సైఫర్లు, హాష్‌లు 50 శాతం దాకా నెమ్మదించవచ్చు. లాగిన్‌కు మాత్రమే అయితే ఉంచండి. ఫర్మ్‌వేర్ ఫైళ్లు పంపేట్టయితే 0 చేయండి.

ఫైళ్లు నెమ్మదిగా వెళ్తున్నాయంటే ఎక్కువసార్లు కారణం సీపీయూ కాదు, విండో. రిసీవ్ విండో డిఫాల్ట్ 24576 బైట్లు. అవతలివైపు 100 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే ఒక కనెక్షన్‌లో సెకనుకు 240 కేబీకి మించి బోర్డులోకి రాదు, లైన్ ఎంత వేగమైనా సరే. పెద్ద డబ్ల్యూ 262144 ఇస్తే పదింతలు పెరుగుతుంది. ర్యామ్ ఒక్కో చానెల్‌కు ఆ మేరకు ఖర్చవుతుందని మరవొద్దు. ఎక్కించే వేగానికే ఇది, బోర్డు నుంచి దించేటప్పుడు క్లయింట్ విండో లెక్క.

#15 కొత్తచిగురు
పోర్ట్ 22 మార్చడం వల్ల లాభం ఉందా?

#16 తాళంచెవి
లాగ్‌లో చెత్త తగ్గుతుంది, చిన్న ఫ్లాష్ మీద అది కూడా మేలే. భద్రత మాత్రం చిన్న ఎస్ వల్ల వస్తుంది.

#17 మెట్టవాగు
ఆర్ఎస్ఏ తీసేస్తే పాత క్లయింట్లు ఆగిపోవా? ఏ వెర్షన్ తీసుకోవడం క్షేమం?

#18 సన్నకంపైలర్
ఈడీ25519 ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 6.5 నుంచి, 2014 జనవరి. పుట్టీలో 0.68 నుంచి, 2017. అంతకంటే పాత క్లయింట్ వాడేవాళ్లను మార్చమనడమే మంచిది. ఉల్టా ఇబ్బందే ఎక్కువ: ఆర్ఎస్ఏ మాత్రమే ఉన్న పాత డ్రాప్‌బేర్‌కు కొత్త క్లయింట్ పోదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్ఏ1తో చేసే ఆర్ఎస్ఏ సంతకాన్ని ఒప్పుకోదు, "సరిపోయే హోస్ట్ కీ రకం లేదు" అంటుంది. డ్రాప్‌బేర్‌లో ఈడీ25519, ఎస్‌హెచ్ఏ2 ఆర్ఎస్ఏ రెండూ 2020.79లో వచ్చాయి.

వెర్షన్ విషయం. 2024.84 కంటే పాతది పెట్టకండి. 2023 చివర్లో బయటపడ్డ టెరాపిన్ దాడికి (కనెక్షన్ మొదట్లోని సందేశాలను మధ్యలో కూర్చున్నవాడు తొలగించగలగడం) స్ట్రిక్ట్ కీ మార్పిడి జవాబు అందులోనే వచ్చింది. మీరు చాచా20-పాలీ1305 వాడుతున్నారు, ఆ దాడి నేరుగా తగిలేది దానికే. డీబీక్లయింట్ కూడా వాడుతున్నారు కాబట్టి 2025.88 లేదా తరవాతిది తీసుకోండి, బహుళ హోస్టుల మీదుగా వెళ్లే దారిలో కమాండ్ చొప్పించే లోపం అందులో పోయింది.

2025.87 నుంచి క్వాంటమ్‌కు తట్టుకునే కీ మార్పిడులు ఎస్ఎన్‌టీఆర్‌యూపీ761, ఎంఎల్‌కెమ్768 ఉన్నాయి. బైనరీ పెరుగుతుంది. రెండింటిలో ఎంఎల్‌కెమ్ ఉంచి రెండోది తీసేయొచ్చు, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 10.0 నుంచి దాన్నే ముందు అడుగుతుంది. రెండూ తీసేస్తే 10.1 క్లయింట్ ప్రతి లాగిన్‌కూ హెచ్చరిక వేస్తుంది. హెచ్చరికలను చూడకుండా దాటేసే అలవాటు గురించి తాళంచెవి గారు పైన చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, నేనైతే ఉంచుతాను.

#19 ఇనపపెట్టె
ఇమేజ్ ఫీల్డ్‌కు పంపేముందు ఒక పరీక్ష చేయండి మెట్టవాగు గారూ. రెండు బోర్డులు ఒకే ఇమేజ్‌తో ఫ్లాష్ చేసి, తొలి బూట్ తరవాత డ్రాప్‌బేర్‌కీ చిన్న వైతో రెండింటి వేలిముద్రలు చూడండి. ఒకటే వస్తే ఎక్కడో కీ ఇమేజ్‌లోకి దూరింది. తరవాత కీ పుట్టే క్షణంలోనే ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, సర్వర్ లేస్తుందో లేదో చూడండి. /డేటా నిండిపోయినప్పుడు కూడా ఒకసారి. ఆ మూడో పరీక్షలో కీ తయారుకాకపోతే స్క్రిప్ట్ సీరియల్ కన్సోల్ మీద గట్టిగా చెప్పి ఆగాలి, టీఎంపీఎఫ్ఎస్‌లో తాత్కాలిక కీతో నడిచిపోకూడదు.